ఊఫరూ, లాకు తలుపూ

పక్షవాతం వచ్చి మా ఆయనకి కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. చేతిలో మెల్లగా కదలిక వచ్చింది గానీ మాట రాలేదు. ఒక్క మాట మాత్రం మిగిలింది. "తలుపు." మంచినీళ్లు కావాలన్నా తలుపే, కూరలో ఉప్పు తగ్గినా తలుపే, నా మీద కోపం వచ్చినా తలుపే. ఈ జబ్బులో ఒక్కోసారి ఒక మాట నాలుక మీద ఇరుక్కుపోతుందని, దానికి అర్థం వెతకొద్దని ఆసుపత్రిలో చెప్పారు. మొదట్లో ఆయన అన్నప్పుడల్లా పరుగెత్తుకెళ్లి వీధి తలుపు తీసేదాన్ని, తీస్తే కాదని తల ఊపేవాడు, వేసేదాన్ని. కొన్నాళ్లకి విసుగొచ్చి మానేశాను. దగ్గొస్తే దగ్గుతాడు, ఇదీ అంతే అనుకున్నాను.

మాది ధవళేశ్వరం. ఆయన కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. లాకు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. కాలవకి అడ్డంగా పెద్ద పెద్ద ఇనప తలుపులుంటాయి. పైన ఉన్న పిడి తిప్పి వాటిని ఎత్తితే నీరు కిందికి పోతుంది, దించితే ఆగుతుంది. పైఅధికారులు ఎంత వదలమంటే అంత నీరు వదలడం ఆయన పని. ఏళ్ల తరబడి ఆ హోరులో నిలబడి చెవులు కూడా మందగించాయి. మాట పోకముందే మాతో అరిచి మాట్లాడేవాడు.

మాటలు నేర్పే మేడమ్ ఒకావిడ వారం వారం కంప్యూటర్లో కనబడేది. ఆ కంప్యూటరు మా అబ్బాయిది. వాడు ఇంట్లోనే కూర్చుని దాంట్లోనే పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతాడు. మేడమ్ పాలగ్లాసు బొమ్మ చూపించి "పాలు" అంటే ఈయన కూడా అనాలి. అనేవాడు కాదు. కంప్యూటరు లోపల ఉన్న స్పీకర్లు దోమ పాడినట్టు పాడుతున్నాయి, ఈయనకి ఏం వినబడుతుంది? చెవులకి తగిలించే హెడ్‌ఫోన్లు పెడితే పీకి విసిరేశాడు. వారం వారం ఇదే వరస. ఒక బుధవారం కుర్చీ గోడవైపు తిప్పుకుని, మాకు వీపు చూపిస్తూ కూర్చున్నాడు.

మేడమ్ పాలగ్లాసు బొమ్మ పక్కన పెట్టేసింది.

"అమ్మా, ఆయనకే ఇష్టం లేకపోతే నేను మాట తెప్పించలేనండి," అంది. "మంచి స్పీకర్లు పెట్టి ఒక్కసారి చూడండి. రేపు పొద్దున్న నాకు కాస్త ఖాళీ ఉంది, కూర్చుందాం. రేపు కూడా ఇలాగే ఉంటే కొన్నాళ్లు ఆపేద్దామండి."

కొన్నాళ్లు ఆపడం అంటే ఏంటో నాకు తెలుసు. నేను అక్షరాలు దిద్దుకున్నది పిల్లలు పెద్దవాళ్లయ్యాక, చర్చి హాల్లో, పాస్టరమ్మగారి దగ్గర. కోతలొచ్చాయని ఆడవాళ్లు చాలామంది కొన్నాళ్లు ఆపారు. అలా ఆపినవాళ్లలో ఒక్కరూ మళ్లీ పలక పట్టలేదు. మా ఆయనకి రేపు తప్పితే ఇంక మాట లేదని నాకు అర్థమైపోయింది.

అన్నం తిన్న వెంటనే స్పీకర్లు కొనడానికి అందరం బయల్దేరదాం అన్నాను. "నాన్న ఎందుకు, ఎండలో? నేనెళ్లి తెస్తాను కదా," అన్నాడు అబ్బాయి.

"వినాల్సింది ఆయన. నీ చెవులకి కొంటావా?"

ముగ్గురం ఆటోలో రాజమండ్రి వెళ్లాం. దారంతా ఆయన నా వైపు చూడలేదు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడం చేత్తో ఆటో కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడికి వెళుతున్నామో చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

కొట్టు చిన్నదే. అద్దాల తలుపు, లోపల ఏసీ. గోడ నిండా స్పీకర్లు పేర్చి ఉన్నాయి. యజమాని మా అబ్బాయి కన్నా కొంచెం పెద్దవాడు, మర్యాదస్థుడు. మా ఆయనకి స్టూలు వేసి కూర్చోబెట్టి, "కంప్యూటరుకి అంటే ఇవి తీసుకోండి. రెండు చిన్న స్పీకర్లు, ఒక సబ్ ఊఫరు," అన్నాడు.

"సబ్ ఏంటి బాబూ?" అన్నాను. నాకు తెలిసిన సబ్ అంటే సబ్ రిజిస్ట్రారు, సబ్ ఇన్‌స్పెక్టరు. ఒకడి కింద ఒకడు. "కింద ఉద్యోగం వాడు మాకెందుకు? అసలు ఊఫరే చూపించండి."

అబ్బాయి తల పట్టుకున్నాడు. యజమాని మాత్రం నవ్వు ఆపుకుని, "ఆయ్, కింద ఉద్యోగమేనండి. కానీ బరువంతా మోసేది అదే అమ్మగారు. డప్పు మోతలాంటి లావు శబ్దాలన్నీ దాంట్లోంచే వస్తాయి. బల్ల కింద కూర్చుని పని చేసుకుపోద్ది," అన్నాడు.

సరే వినిపించమన్నాను. సినిమా పాట పెట్టాడు. నేల అదిరింది. గాజు బల్ల మీద ఉన్న బిల్లు పుస్తకం దానంతటదే జరిగింది. గుండెలో ఎవరో రోకలి వేస్తున్నట్టుంది. అబ్బాయి మొహం వెలిగిపోయింది, వాడికి అలాంటివే ఇష్టం. నేను మా ఆయన్ని చూశాను. నుదురు ముడిపడి ఉంది.

"తలుపు," అన్నాడు.

యజమాని పాట ఆపి, "గాలాడట్లేదేమోనండి," అంటూ వెళ్లి అద్దాల తలుపు తీశాడు. వీధిలో హారన్లన్నీ లోపలికొచ్చాయి. "తలుపు," అన్నాడు ఈయన, ఇంకొంచెం గట్టిగా. యజమాని తలుపు వేశాడు. ఇంకో సెట్టు తగిలించి పాట పెట్టాడు. అది మొదటిదాని కన్నా లావుగా మోగింది.

"తలుపు. తలుపు."

"తీయమంటారా వేయమంటారా పెద్దాయనా?"

ఫోను కవర్లు బేరమాడుతున్న ఇద్దరు కుర్రాళ్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి మాట పోయిందని, ఆ ఒక్క మాటే వస్తుందని యజమానికి చెవిలో చెప్పాడు. "అయ్యో, అలాగాండి," అని యజమాని అప్పటి నుంచి మా ఆయనతో మాట్లాడడం మానేసి మాతోనే మాట్లాడాడు. అది నాకు నచ్చలేదు గానీ, అనడానికి మొహం చెల్లలేదు. ఇంట్లో నేను చేస్తున్నదీ అదే.

"పాటలు మాకొద్దు," అన్నాను. "ఆ మేడమ్ గొంతు పెట్టు."

మేడమ్ ఇంట్లో సాధన చేయమని కొన్ని మాటలు పలికి అబ్బాయి ఫోనుకి పంపింది. వాడు ఫోను ఆ స్పీకర్లకి తగిలించి అది పెట్టాడు. ఆవిడ గొంతు బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు వచ్చింది. పాలు అంటోందో బాలు అంటోందో నాకే తెలియలేదు. నా చెవులు శుభ్రంగా ఉన్నాయి. మాట వెనకాల ఊఁ అని ఒక మోత, మాటను మింగేస్తోంది. సౌండు పెంచితే మోతే పెరిగింది.

ఆయన ఎడం అరిచేత్తో గాజు బల్ల మీద ఠప్పున కొట్టాడు.

యజమాని ఉలిక్కిపడ్డాడు. అబ్బాయి ఫోను పీకి జేబులో పెట్టుకున్నాడు. "పదమ్మా. నాన్నకి ఇష్టం లేదు. మేడమ్ చెప్పింది కూడా అదేగా. ఎన్నాళ్లు ఈడ్చుకెళతాం ఆయన్ని?"

"కూర్చో."

"నీ పంతం కోసం ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నావు."

వాడు తండ్రి చంకలో చెయ్యి వేసి లేపబోయాడు. ఆయన లేవలేదు. ఎడం చేత్తో బల్ల అంచు పట్టేసుకున్నాడు. వాడు లాగితే బల్ల కదిలింది. మీదున్న చిన్న స్పీకరు పడబోతే యజమాని పట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కొడుకు మీద కాదు, ఈయన మీద. ఆయన ముందుకెళ్లి నిలబడి అడిగేశాను. "ఇదిగో, నా వైపు చూడు. నీకు మాట్లాడాలని ఉందా లేదా? లేకపోతే ఇక్కడే చెప్పు. నేను కూడా ఊరుకుంటాను. రేపు ఆ మేడమ్‌కి రావద్దని చెప్పేస్తాను."

ఆయన నా వైపు తిరిగాడు. తర్వాత బల్ల వదిలేసి, ఎడం చెయ్యి గాల్లోకి ఎత్తి, మోచేతి దగ్గర్నుంచి గుండ్రంగా తిప్పాడు. తిప్పి, "తలుపు," అన్నాడు. ఈసారి అరవలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు నిదానంగా అన్నాడు.

ఆ మోచెయ్యి నాకు తెలుసు. మధ్యాహ్నం పూట క్యారేజీ పట్టుకుని లాకుల మీదికి వెళితే, నన్ను ఆగమని, ఆయన పిడి తిప్పుతూ ఉండేవాడు. అప్పుడు కుడి చెయ్యి, ఇప్పుడు ఎడమ. అంతే తేడా. ఆయన బతుకులో తలుపు అంటే మా వీధి తలుపు ఎప్పుడూ కాదు.

"ఎత్తాలా, దించాలా?" అన్నాను.

అరిచెయ్యి బోర్లించి కిందికి నొక్కాడు.

"దించమంటున్నాడు," అన్నాను.

"ఏం దించాలండి?" అన్నాడు యజమాని.

"ఆ మోత. నీరు ఎక్కువై చేలు ములిగినట్టు మాట ములిగిపోతోంది. ఆ పెద్ద పెట్టెకి తిప్పేది ఏదైనా ఉందా?"

"బేస్ నాబ్ ఉందండి, వెనకాల. ఎవరూ తగ్గించరండి, పెంచుతారు." పెట్టెను ఎత్తి మా ఆయన ముందు పెట్టి, వెనక్కి తిప్పి బుడిపె చూపించాడు. తానే తిప్పబోతే నేను ఆపాను. "ఆయన్ని తిప్పనివ్వండి."

అబ్బాయి మళ్లీ మేడమ్ గొంతు పెట్టాడు. మా ఆయన బుడిపె మీద రెండు వేళ్లు వేసి, చివరిదాకా మూసేశాడు. మోత పోయింది. గొంతు పీలగా అయిపోయింది, రేకు మీద గీరినట్టు. ఆయన తల అడ్డంగా ఊపి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. ఆగాడు. విన్నాడు. ఇంకొంచెం. ఆగాడు. గొంతుకి కాస్త ఒళ్లు వచ్చింది. పాలు. బియ్యం. గొడుగు. ఒక్కో మాట దేనికది విడిగా వచ్చింది. ఆయన కళ్లు అబ్బాయి ఫోను మీదకి వెళ్లాయి. అక్కడ మేడమ్ ఫోటో ఉంది. వేళ్లు బుడిపె మీంచి తీసేశాడు.

"బేస్ అక్కర్లేకపోతే ఊఫరు లేని జత తీసుకోవచ్చు కదండీ, చిన్నవి ఉన్నాయి," అన్నాడు యజమాని. అదీ విన్నాం. ఆయనకి వినబడేంత పెంచేసరికి గొంతు చిట్లిపోయింది. ఈయన అటు తిరిగి కూడా చూడలేదు, పెద్ద పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

"ఊఫరు కొనుక్కుని ఊఫరు నొక్కేయడం నేనెక్కడా చూడలేదండి," అన్నాడు యజమాని.

"లాకు కట్టింది ఎప్పుడూ తెరిచి పెట్టడానికా?" అన్నాను. "ఇదే కట్టండి. బుడిపె కదపకుండా కట్టండి."

ఇంటి దగ్గర ఆటో దిగాక పెట్టె అబ్బాయే మోశాడు. "నాన్నా, నాకు తట్టలేదు," అన్నాడు గుమ్మంలో. ఆయన ఎడం చేత్తో వాడి భుజం మీద ఒకటి వేశాడు. గట్టిగానే వేశాడు.

మర్నాడు పొద్దున్న మేడమ్ వచ్చే వేళకి నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. వినబడినంత మాత్రాన మాట వస్తుందని ఎవరు చెప్పారు? కొట్టులో వినడం వేరు, పలకడం వేరు. ఊఫరు బల్ల కింద, చిన్నవి రెండూ కంప్యూటరుకి అటూ ఇటూ పెట్టాడు అబ్బాయి. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఈయన కుర్చీ తెరవైపే ఉంది.

"నమస్కారమండి, బాగున్నారా?" అంది మేడమ్. ఈయన తల ఎత్తాడు. నాలుగు గోడల మధ్యా ఆవిడ ఉన్నట్టే ఉంది.

పాలగ్లాసు బొమ్మ చూపించింది. "పాలు." ఆగింది. ఈయన పెదాలు కలిశాయి. విడిపోయాయి. ఏమీ రాలేదు. "పాలు," అంది మళ్లీ, తొందర లేకుండా. ఆయన మెడ నరాలు బిగిశాయి. నాకు వెళ్లిపోవాలనిపించింది. అబ్బాయి నా చీర కొంగు పట్టుకుని ఆపాడు, చిన్నప్పటిలాగా.

"తలు..." అని మొదలుపెట్టాడు ఈయన. తనకే వినబడినట్టుంది, టక్కున ఆపేశాడు. కళ్లు మూసుకున్నాడు. పెదాలు మళ్లీ కలిశాయి.

"ప్," అన్నాడు. తర్వాత గాలి. తర్వాత, "పా."

అంతే. లు రాలేదు. మేడమ్ చప్పట్లు కొట్టలేదు, అందుకు ఆవిడంటే నాకు గౌరవం. "ఆ, అదేనండి. మళ్లీ," అంది. మళ్లీ అన్నాడు. కొన్నిసార్లు పా వచ్చింది, కొన్నిసార్లు గాలే వచ్చింది. చొక్కా వీపు తడిసిపోయింది.

"ఈ రోజుకి చాలండి, అలిసిపోయారు," అంది మేడమ్. "వచ్చే వారం ఎప్పటిలాగే కూర్చుందాం." తెర మీంచి ఆవిడ వెళ్లిపోయింది.

ఈయన లేవలేదు. ఖాళీ తెర చూస్తూ "పా" అన్నాడు. "పా." "పా."

"నాన్నా, పిల్లలు ఎదురుచూస్తున్నారు, నా క్లాసు టైమైంది," అన్నాడు అబ్బాయి.

ఆయన కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాడు.

"నీ క్లాసు ఫోన్లో చెప్పుకో," అన్నాను వాడితో.