దొంగగాలి

మా బావకి మనుషుల మీద నమ్మకం పుట్టుకతోనే లేదు. కొత్త స్పానరు కొంటే దాని మీది నంబరు నమ్మడు, బోల్టుకి పెట్టి తిప్పి చూస్తాడు. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. మా అక్క "నేను లాగి చూశానండీ మహానుభావా" అన్నా సరే. ఇరవై రెండేళ్ళుగా ఆయన కార్ల రిపేరు షెడ్డులో పనిచేస్తున్నాను. ఒక్క పని కూడా నా మాట మీద వదిలిన పాపాన పోలేదు.

ఆ అనుమానమే ఆయనకి అన్నం పెట్టింది, అది వేరే సంగతి. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస నడుస్తున్న ఇంజను మీద తిప్పుతూ, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఎక్కడ సూదిమొనంత చిల్లున్నా స్స్ మని తెలిసిపోయేది. వీధిలో అందరూ చెవి డాక్టరని పిలిచేవాళ్ళు. కంప్యూటర్లు తగిలించి చూసే పెద్ద షెడ్లవాళ్ళే చేతులెత్తేసి బండిని మా దగ్గరికి తోలేవాళ్ళు. కోపిష్ఠి, సణుగుడు మనిషి, కానీ పనిలో రాక్షసుడు. ఇది ఒప్పుకోకపోతే నా కళ్ళు పోతాయి.

రెండేళ్ళుగా అనుమానం మరీ ముదిరింది. నేనూ అక్కా వంటింట్లో నిలబడి మామూలుగా మాట్లాడుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి "ఏంటా గుసగుసలు? నా గురించేనా?" అనేవాడు. చాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్ళం.

అప్పుడొచ్చింది లాయరమ్మగారి ఎర్రకారు. పాతికేళ్ళ నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆవిడ మొదటి సంపాదనతో కొనుక్కుంది, దాని మీదే ప్రాణం. స్టార్ట్ చేసి వదిలేస్తే నిలకడ లేదు. ఇంజను వేగం చూపించే మీటరు ముల్లు ఏడొందలకి పడుతుంది, పదమూడొందలకి లేస్తుంది, మళ్ళీ పడుతుంది. ఫిల్టరు గుండా కొలత ప్రకారం వెళ్ళాల్సిన గాలి కాక, మధ్యలో ఎక్కడో దొంగదారిన గాలి దూరుతోందన్నమాట. మా బావ దాన్ని దొంగగాలి అంటాడు.

నా ఖర్మ కాలి, నెల కిందట ఆ కారుకి గాస్కెట్ మార్చింది నేను. గాలి గొట్టాలు ఇంజనుకి అతుక్కునే చోట మధ్యలో ఉండే పల్చటి అట్ట అది.

బావ గొట్టం చెవిలో పెట్టుకుని ఇంజనంతా ముమ్మారు వెతికాడు. "ఎక్కడా చప్పుడు లేదు. మిగిలింది నువ్వు వేసిన గాస్కెట్టే. కొత్తదని చెప్పి పాతదే తుడిచి పెట్టావు" అన్నాడు.

విప్పి చూపించాను, కొత్తదే. ఆయన కళ్ళముందే ఇంకోటి వేశాను. ముల్లు మళ్ళీ ఊగింది. రెండోసారి విప్పించాడు. అప్పటికీ ఊగింది.

"ఇప్పుడర్థమైంది," అన్నాడు. "బోల్టులు కావాలనే వదులుగా పెడుతున్నావు. నా పేరు చెడగొట్టి నీ సొంత షెడ్డు తెరుద్దామని. నాలుగింటికి ఆవిడ వస్తుంది. ఇదంతా నీ నిర్వాకమేనని ఆవిడ ముందే చెప్తాను. రేపట్నుంచి ఈ షెడ్డులో అడుగుపెట్టకు."

"అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను బావా."

"అక్క మొహం చూసే నేనూ ఇన్నాళ్ళు ఊరుకున్నాను."

ఆయన భోజనానికి వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. యాభై ఏళ్ళొచ్చాక దొంగముద్ర వేయించుకుని ఏ షెడ్డుకి పోను? ఇంజను స్టార్ట్ చేసి, ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ గొట్టం తీసి నా చెవిలో పెట్టుకున్నాను.

రెండు నిమిషాలు పట్టలేదు. ఇంజను నుంచి బ్రేకు వైపు వెళ్ళే వేలంత లావు రబ్బరు గొట్టం మలుపు దగ్గర, అడుగున, ఎవరో చెవిలో ఈల వేసినట్టు వినిపించింది. వేలు పెట్టి తడిమితే పగులు. నా గాస్కెట్‌కీ దానికీ సంబంధమే లేదు.

ఆ చోట బావ మూడుసార్లు గొట్టం పెట్టడం నేను చూశాను. ఇంత చప్పుడు చెవి డాక్టరుకి వినపడలేదా? విన్నాడు, విని దాచాడు. నన్ను సాగనంపడానికి సాకు కావాలి, అంతే. ఓరి బావా, ఎంతకి తెగించావు అనుకున్నాను.

పగులు బాగు చెయ్యలేదు. ఆయన రాగానే గొట్టం కొస సరిగ్గా అక్కడ పట్టుకుని "ఒక్కసారి విను బావా" అన్నాను. అబద్ధం ఆడేటప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో చూద్దామని రెప్ప వెయ్యకుండా నిలబడ్డాను.

కళ్ళు మూసుకున్నాడు. నుదురు ముడిపడింది. గొట్టాన్ని చెవిలోకి ఇంకా నొక్కాడు. కుడిచెవిలోంచి తీసి ఎడమచెవిలో పెట్టుకున్నాడు. మళ్ళీ కుడికి మార్చాడు.

"ఏం లేదు. ఎందుకురా నా టైము తింటావు?" అన్నాడు.

నటించేవాడు చెవి మార్చడు. ఆయనకి నిజంగానే వినపడటం లేదు. వంటింటి గుసగుసలన్నీ అప్పుడర్థమయ్యాయి.

దొంగగాలి ఎక్కడ దూరుతోందో పట్టించే స్ప్రే డబ్బా, ఆయన అబద్ధం బయటపెడదామని తెచ్చింది, నా చేతిలో సిద్ధంగా ఉంది. దించేసి ఉంటే పోయేది, చెయ్యి ఆగలేదు. పగులు మీద కొట్టగానే ముల్లు ఊగడం ఆగి ఒక్కచోట నిలబడింది. డబ్బా పక్కకి తీస్తే మళ్ళీ ఊగింది. బావ నా చేతిలోంచి డబ్బా లాక్కుని తనే కొట్టి చూశాడు. ముల్లు మళ్ళీ నిలబడింది. వంగి, అడుగున వేలు పెట్టి పగులు తడిమాడు.

"నీకు వినపడిందా?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఇన్నేళ్ళ తిట్లకి బదులు తీర్చుకునే రోజు అదే. ఒక్క మాట చాలు.

"లేదు బావా. చాలా చిన్న పగులు, చప్పుడే రాదు. నాకూ చేత్తో తడిమితేనే దొరికింది."

నా మొహంలోకి చూశాడు. అబద్ధాలకోరా అని తిడతాడనుకున్నాను. తిట్టమని మొక్కుకున్నాను కూడా.

"అంతేనా," అన్నాడు. "సరే."

గేటు దగ్గర లాయరమ్మగారు ఆటో దిగారు. బావ చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళాడు. నేను ఇంజను ఆపాను. ఆయన మాటలు షెడ్డంతా వినపడుతున్నాయి.

"పాత రబ్బరమ్మా, పగిలింది. చప్పుడే రాని పగులు, ఎంతటివాడికీ వినపడదు. మా బామ్మర్దే కనిపెట్టాడు. వాడు చెప్పాడంటే ఇంక చూసుకోనక్కర్లేదు."

బానెట్ కింద తల దూర్చి, ఆ పగిలిన గొట్టం పట్టుకుని ఏడ్చాను.