విస్తరి ముందు పైడయ్య

టౌన్ కొత్తరోడ్డులో సిరాజ్ స్టూడియో అంటే ఏ రిక్షావాడైనా సరిగ్గా గుమ్మంలో దింపేవాడు. ఏళ్ల తరబడి రీళ్ల మీద బతికిన మనిషి. 2004లో డిజిటల్ కెమెరా కొని, తీసిన పెళ్లి ఫోటోలన్నీ సొంత వెబ్‌సైట్‌లో పెట్టించాడు. వచ్చినవాళ్లకల్లా కంప్యూటర్‌లో చూపించి మురిసిపోయేవాడు. చేపల బోటు మీద పనిచేసే పైడయ్య కూడా అలాగే తనని తాను చూసుకుని వెళ్లాడు, చుట్టాల పెళ్లి బంతిలో, విస్తరి ముందు నవ్వుతూ.

ఇంతలో గోపాలపట్నంలో స్టూడియో పెట్టిన అర్జునరావు ఆ సైట్‌లోంచి ఫోటోలు ఎత్తుకుపోయి, తను తీసినవేనని షాపు అద్దాల్లో పెట్టుకున్నాడు. సిరాజ్‌కి ఒళ్లు మండిపోయింది. ఒక్కటీ వదలకుండా ఫోటోలన్నిటి మీదా అడ్డంగా తన స్టూడియో పేరు గుద్దేసి, పాతవాటి స్థానంలోనే దాచాడు. ప్రింటు మీద ఎన్ని రాతలు రాసినా పెట్టెలో నెగెటివ్ శుభ్రంగా ఉంటుంది కదా! కంప్యూటర్ కూడా లోపలెక్కడో నెగెటివ్ దాచుకునే ఉంటుందనుకున్నాడు. ఎవరినైనా ఒక్క మాట అడిగితే ఏం పోయేది? నామోషీ.

మరుసటేడు తుఫానులో పైడయ్య ఎక్కిన బోటు తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆశ వదులుకున్నాక, పెద్దకార్యానికి ఫోటో కావాలని భార్య చిట్టెమ్మ పిల్లని చంకనేసుకుని వచ్చింది. ఆయనది ఇంట్లో మరో ఫోటో లేదు. తెర మీద పైడయ్య కనపడగానే చిట్టెమ్మ ఏడుపు ఆపుకుని ముందుకి వంగింది. అక్షరాలు సరిగ్గా కళ్ల మీదుగా ఉన్నాయి.

ద్వారకా నగర్‌లో కంప్యూటర్ తెలిసినవాళ్ల దగ్గరికి సిరాజ్ పరిగెత్తాడు. దాని మీదే కొత్తది రాసేశావు, పాతది ఇక లేదన్నారు. అక్షరాలు చెరిపించి కళ్లు దిద్దించాడు. చిట్టెమ్మ చూసి తల అడ్డంగా ఊపింది. ఆ కళ్లు ఎవరివో.

ఇక మిగిలింది అర్జునరావే. వాడి ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్న సిరాజ్ వాడి గుమ్మంలోనే నిలబడ్డాడు. పేరు గుద్దకముందు దొంగిలించిన వాటిలో ఆ బంతి ఫోటో కూడా ఉండాలని దారంతా దువా చేసుకుంటూ వచ్చాడు. కోపమూ సిగ్గూ వదిలేసి బతిమాలాడు. అర్జునరావు పాపం ఉన్నవన్నీ వెతికాడు.

“నాను ఎత్తుకొచ్చినవన్నీ పెళ్లికూతుళ్లవే భాయ్,” అన్నాడు తల దించుకుని. “అన్నం తింతన్నోడి ఫోటో నాకెందుకని వదిలీసినాను.”

ఆ సంగతి చిట్టెమ్మకి చెప్పలేక చెప్పాడు సిరాజ్. తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది.

“ఆ రాతలతోనే ఇచ్చీ అన్నా. మా గుంటకి ఆపాటి మొకమైనా ఉంటాది,” అంది చంకలో పిల్లని చూసుకుంటూ.

పెద్దకార్యానికి పిలిస్తే వెళ్లాడు. గోడకి పైడయ్య, చుట్టూ చామంతి దండ, కళ్ల మీద సిరాజ్ పేరు. దానికి ఎదురుగానే సిరాజ్‌కి విస్తరి వేశారు. చిట్టెమ్మ పిల్లని ఎత్తుకుని నాన్నని చూపిస్తోంది. గీకితే పోతాయనుకుందో ఏమో, ఆ పిల్ల అక్షరాలని గోటితో గీకుతోంది. సిరాజ్ కలిపిన ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయాడు.