మూసేసిన కరివేపాకు ప్రశ్న

స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాక నాకు జీతం లేని ఉద్యోగం ఒకటి దొరికింది. మొక్కల గురించి తెలుగులో ప్రశ్నలడిగి జవాబులు చెప్పుకునే వెబ్‌సైట్ అది. కొన్నేళ్లపాటు గులాబీల గురించీ వంకాయల గురించీ ఓపిగ్గా రాసినందుకు నాకు ప్రశ్నలు మూసేసే అధికారం ఇచ్చారు. ఎవరైనా పాత ప్రశ్నే మళ్లీ అడిగితే, పాత జవాబు లింకు తగిలించి కొత్తదానికి తాళం వేయాలి. తాళం పడ్డాక ఇంకెవరూ అక్కడ జవాబు రాయలేరు. జవాబు రాయాలంటే గంట పడుతుంది, తాళం వేయడానికి ఒక్క నొక్కు చాలు. ఏ పని ఎక్కువ చేశానో వేరే చెప్పక్కర్లేదు. జనం వెతకరు, చదవరు, తిన్నగా వచ్చి అడిగేస్తారని నాకు ఒళ్లు మంట.

ఒక పొద్దున్న, కాఫీ తాగుతూ ఉండగా ఒక ప్రశ్న వచ్చింది: కరివేపాకు ఆకుల మీద నల్లటి పొర, ఏం చేయాలి? మసి తెగులు. పురుగులు వదిలే జిగురు మీద పట్టే బూజు. వేపనూనె కొట్టమని రెండేళ్ల క్రితం నేనే రాశాను. లింకు పెట్టి మూసేశాను. కాసేపటికి అడిగినాయన కింద వ్యాఖ్యల్లో ఒక ముక్క రాశాడు, తనది ఆ తెగులు కాదేమో, తెరవమని. అందరూ తమ మొక్క ప్రత్యేకమే అనుకుంటారు. పట్టించుకోలేదు.

రెండు వారాల తర్వాత మా బావ ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాడు. మా అక్క భర్త, నాతోపాటు ప్లాంట్‌లోనే క్రేన్ నడిపి రిటైరయ్యాడు. పోర్టు దగ్గర వన్‌టౌన్‌లో ఇల్లు. అక్క, కూతురి కాన్పుకని రాజమండ్రి వెళ్తూ, మేడ మీద పెయింటు డ్రమ్ములో పెంచుకున్న కరివేపాకు మొక్కని ఆయనకి అప్పజెప్పింది. ఆ వీధిలో సగం ఇళ్ల తాలింపు ఆ మొక్క మీదే నడుస్తుంది. అక్క ఆ సాయంత్రమే తిరిగి వస్తోంది.

మేడెక్కి చూశాను. ఆకులకి తారు పూసినట్టుంది. సగం రాలి డ్రమ్ము చుట్టూ పడున్నాయి. వేపనూనె వాసన గుప్పుమంది. బావ ఫోన్ తీసి చూపించాడు. నేను మూసేసిన ప్రశ్న, కింద నా పేరుతో సహా. ఏదో మారుపేరుతో ఆయనే అడిగాడట. నన్నే అడగొచ్చు కదా అంటే, నన్నడిగితే గంటసేపు క్లాసు పీకుతానని భయమేసిందట.

శీర్షిక కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. తడిగుడ్డతో తుడిస్తే పోతోంది, మర్నాటికి మళ్లీ వస్తోంది అని. బూజు అలా ఒక్క రాత్రిలో తిరిగి రాదు. అది పోర్టులో దించే బొగ్గు నుంచి గాలికి వచ్చిపడే పొడి. ఆ వీధిలో ఆరేసిన బట్టలు దులపని ఇల్లు లేదు, నాకు తెలియని సంగతీ కాదు. ఉత్త పొడి మీద పాపం ఈయన నా మాట నమ్మి రోజూ నూనె కొట్టి, దాన్ని ఆకులకి శుభ్రంగా అంటించాడు.

"ప్లాంట్‌లో నా క్రేన్ నువ్వు బాగుసేసేక, రిజిస్టర్‌లో కంప్లైంటు ఎవులు మూసీవోరు?" అన్నాడు.

కంప్లైంటు రాసినవాడే మూయాలి. అది అక్కడి పద్ధతి. బాగుచేసిన ఎలక్ట్రీషియన్ని నేనే అయినా, ఆయన క్రేన్ ఎక్కి నడిపి చూసుకుని సరిపోయిందని సంతకం పెట్టేదాకా నేను కదలడానికి లేదు. ఆ ఎండలో నిలబడి ఆయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. సర్వీసంతా పాటించిన పద్ధతి కుర్చీలో కూర్చోగానే మర్చిపోయాను. సిగ్గేసింది.

ఇంతలో అక్క వచ్చేసింది. సంచి కూడా దించకుండా మేడెక్కి, మొక్కనీ రాలిన ఆకుల్నీ చూసింది. తర్వాత నా వైపు తిరిగి, మొక్కల సంగతి అంత తెలిసిన తమ్ముణ్ణి పెట్టుకుని ఈయన ఒక్క మాట అడగలేకపోయాడా అంది. బావ తల దించుకున్నాడు.

"నానడగలేదే. తప్పు నాదే," అన్నాడు.

ఆయన అలా నన్ను కాస్తాడనుకోలేదు. నోరు మూసుకుంటే నా పెద్దరికం నాకు దక్కేది. ఆయన మాత్రం జీవితాంతం ఆ డ్రమ్ము పక్కన మాటలు పడేవాడు.

"అడిగేడక్కా. నానే సరిగ్గా సదవకుండా మూసేసేను," అన్నాను.

మూసేయడమంటే ఏమిటో అక్కకి చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. ఆమె కొంగు తడిపి ఒక ఆకు తుడుస్తూ అంతా విన్నది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇలాటియ్యి ఎన్ని మూసేసేవురా?" అని అడిగింది.

ఆ సంఖ్య నాకు తెలుసు. వెబ్‌సైట్‌లో నా పేరు పక్కనే ఉంటుంది. నా ఫోన్ తీసి ఆమెకి చూపించాను.