కాటారం కేంద్రంలో డప్పు పరీక్ష

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను గ్రామీణ సంగీత శిక్షణ కేంద్రాల పర్యవేక్షకురాలిగా డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను నగరంలోని ఒక సంగీత కళాశాలలో వయొలిన్ లెక్చరర్‌ని. నా కింద మూడు కేంద్రాలు: జనగామ జిల్లాలో పాలకుర్తి, మహబూబాబాద్ పట్నం, భూపాలపల్లి జిల్లాలో కాటారం. మొదటి రెండూ పెద్దగా సతాయించకుండానే నడిచాయి. కాటారం మాత్రం నా ప్రాణం తోడేసింది.

కేంద్రం అంటే గొప్పగా ఊహించుకోవద్దు. పాత పంచాయతీ భవనంలో ఒక హాలు, ముందు వరండా, వెనక రేకుల షెడ్డు. వారానికి మూడు సాయంత్రాలు క్లాసులు. ఏడాది చివర సర్టిఫికెట్ పరీక్ష ఉంటుంది. బయటి ఎగ్జామినర్ వచ్చి ఒక్కొక్కరినీ పదిహేను నిమిషాలు పరీక్షిస్తాడు. కనీసం పదిహేను మంది పరీక్షకు కూర్చోకపోతే ఆ కేంద్రాన్ని ఎత్తేసి జిల్లా కేంద్రంలో కలిపేస్తారు. భూపాలపల్లికి సాయంత్రం బస్సెక్కించి ఆడపిల్లల్ని పాట నేర్చుకోవడానికి పంపే ఇల్లు కాటారంలో ఒక్కటీ లేదు. అంటే, కలిపేయడమంటే మూసేయడమే.

రెండో ఏడాది సారమ్మ వచ్చింది. నలభైకి దగ్గర పడిన మనిషి. పత్తి ఏరడానికి, నాట్లకు కూలికి పోయేది, ఆదివారం చర్చిలో పాటలు పాడేది. వాళ్ల నాయిన ఆ చుట్టుపక్కల పేరున్న డప్పు కళాకారుడు. కొడుకులు లేక విద్యంతా కూతురికే ఇచ్చి పోయాడు. దగ్గర్లోని గురుకులంలో పార్ట్‌టైమ్ కళల టీచరు పోస్టు పడుతుందని, దానికి మా సర్టిఫికెట్ పనికొస్తుందని ఎవరో ఆమెకు చెప్పారు. ఆ ఏడాది దాటితే ఆమెకు వయోపరిమితి దాటిపోతుంది. ఉన్నది ఒక్కటే అవకాశం.

నిబంధనల పుస్తకం తిరగేశాను. "తాళవాద్యం" అని మాత్రమే ఉంది, ఏ వాద్యమో రాయలేదు. ఇంకేం కావాలి? డప్పు అని రాసి దరఖాస్తు పంపాను. ఆమోదం కూడా వచ్చింది.

ఊళ్లో మాత్రం గొడవ మొదలైంది. గాత్రం నేర్చుకుంటున్న వాళ్లలో రాంరెడ్డి గారి మనవరాళ్లు ఇద్దరున్నారు. ఆయన పెద్ద రైతు. ఆ భవనం మాకు దక్కిందీ ఆయన మాట సాయంతోనే. ఆయన వచ్చి, చాలా మర్యాదగానే, చావుకు మోగించేదాన్ని చదువుకునే చోట మోగిస్తే మా పిల్లల్ని పంపడం కష్టమని చెప్పి వెళ్లారు. మృదంగం మూతలు కూడా తోలుతోనే చేస్తారన్నాను. అది వేరే సంగతి అన్నారు. పరీక్షకు మేం పంపిన జాబితాలో పదహారు పేర్లున్నాయి. ఆయన మనవరాళ్లను తీసేస్తే పద్నాలుగు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో పేరు. ఆ రోజు మాత్రం ఆ కోపం ఎటు పోయిందో తెలియదు, నేను తలొగ్గాను. సారమ్మను వెనక రేకుల షెడ్డులో సాధన చేసుకోమన్నాను. తోలు బిగిసి పలకాలంటే డప్పును మంట మీద కాచాలి, పొగ వస్తుంది, మళ్లీ దానికో పంచాయితీ. అందుకని ఫైబర్ మూత ఉన్న డప్పు ఒకటి తెప్పించి ఆమె చేతిలో పెట్టాను. మంట అక్కర్లేదు, మరలు బిగిస్తే చాలు. నా తెలివికి నేనే మురిసిపోయాను. సారమ్మ డప్పు కొట్టే చిర్రపుల్లతో నాలుగు దెబ్బలు వేసి చూసి, "గిది పలుకుతలేదు మేడం. డబ్బా లెక్క మోగుతుంది," అంది. సర్దుకోమన్నాను. ఏడాదంతా సర్దుకుంది.

పరీక్ష ముందురోజు హాలులో చాపలు పరిపిస్తుంటే సారమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేను అడగకముందే అంది: "ఏడాదంత గోడవతల కొట్టిన. పరీక్ష కూడా గోడవతలనే పెడ్తరా మేడం?"

నాకు సిగ్గేసింది. నీ పరీక్ష హాల్లోనే, నడి చాప మీదే అని చెప్పాను. ఏ డప్పు తెచ్చుకోవాలో నీ ఇష్టం అని కూడా అన్నాను.

మర్నాడు పొద్దున్నుంచి ముసురు. ఎగ్జామినర్ పెద్ద మృదంగ విద్వాంసుడు, మితభాషి. గాత్రం వాళ్లకు పక్కవాద్యం నేనే వాయించాలి. ఆ తేమకు నా వయొలిన్ తీగలు బిగించే బిరడాలు నిలవలేదు. బిగిస్తే జారడం, మళ్లీ బిగించడం. శ్రుతి కుదిరేసరికి పది నిమిషాలు పట్టింది. అంతసేపూ ఎగ్జామినర్ చేతులు కట్టుకుని ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత మృదంగం పరీక్షకు కూర్చున్న కుర్రాడు వచ్చి నాదం కుదరడానికి ఎడమ మూతకు రవ్వముద్ద అద్ది, తడి చూసుకుని, కొంత గీకి, మళ్లీ అద్దాడు. దానికీ ఎవరూ గడియారం చూడలేదు.

అప్పుడు సారమ్మ పేరు పిలిచాను. వాళ్ల నాయిన డప్పు తెచ్చుకుంది. వానకు తోలు మెత్తబడి ఉంది. వేలితో తట్టి చూసి, "జర మంట కావాలె సారూ," అంది. ఎగ్జామినర్ గడియారం చూసుకుని, ఆమె పదిహేను నిమిషాలు మొదలయ్యాయని, కాచుకునేదేదో అందులోనే కాచుకోవాలని అన్నారు. వరండాలో కుర్చీలో రాంరెడ్డి గారున్నారు. తమ వంతు కోసం మనవరాళ్లు తల్లి పక్కన నిలబడి ఉన్నారు.

నా కోపం అప్పుడు తిరిగొచ్చింది. ఎవరి మీదో చెప్పడం కష్టం, ఎక్కువ భాగం నా మీదే. ఎగ్జామినర్‌తో నిలబడే మాట్లాడాను. నా బిరడాలకు పది నిమిషాలు ఇచ్చారు, రవ్వముద్దకు ఇచ్చారు, అవేవీ పరీక్ష సమయంలో కలపలేదు. డప్పును శ్రుతి చేసేది మంటే అన్నాను. ఇవ్వనంటే నా అభ్యంతరం రాతపూర్వకంగా నమోదు చేయమన్నాను. ఆయన చేతి గడియారం తీసి బల్ల మీద బోర్లా పెట్టారు.

మంటకు ఎండు గడ్డి ఎక్కడ? ఊరంతా తడిసి ముద్దయింది. నా బల్ల సొరుగులో పాత సర్క్యులర్ల అదనపు కాపీలు ఒక కట్ట ఉన్నాయి. వాటిని వరండా మధ్యలో పోసి నేనే అగ్గిపుల్ల గీశాను. సారమ్మ డప్పును మంట మీద తిప్పుతూ, తడుతూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ కాచింది. రాంరెడ్డి గారు లేచి, పిల్లల్ని తీసుకుని పోదాం పద అని కోడలితో అన్నారు.

ఆ కోడలు మామగారి ముందు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "పిల్లలు ఏడాదంత నేర్చుకున్నరు మామయ్యా. పరీక్ష ఇచ్చినంకనే పోదం," అంది. ఆయన ఒక్కరే మెట్లు దిగి కారులో కూర్చున్నారు.

హాలు నడి చాప మీద నిలబడి సారమ్మ వాయించింది. ఎనిమిది మాత్రల తాళాన్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వినిపించమన్నారు, వినిపించింది. ఏడు మాత్రలు అడిగారు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, కుడిచేతి చిర్రతో దెబ్బలు వేస్తూ ఎడమచేతి సన్నపుల్లతో మధ్య ఖాళీలు నింపుకుంటూ పోయింది. గోడలు అదిరాయి. ఏడాదిపాటు ఆ శబ్దాన్ని షెడ్డులో పెట్టిందీ, ఫైబర్ మూతతో నొక్కిందీ నేనే కదా అని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎగ్జామినర్ ఇంకొక్క ప్రశ్నే వేశారు, డప్పు కాగిందని ఎట్లా తెలుస్తుందని. "మేం చెప్పం సారూ, అదే చెప్తది," అంది. ఆయన మొదటిసారి నవ్వారు.

పదహారు మందీ పరీక్షకు కూర్చున్నారు, కేంద్రం నిలిచింది. రాంరెడ్డి గారి మనవరాళ్లు ఆ తర్వాత మళ్లీ రాలేదు. చిన్నపిల్లకు మంచి గొంతు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది, దాన్ని దాచను. సారమ్మ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలై గురుకులంలో చేరింది. చేరిన రోజే ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ ఇచ్చిందట: ఆడపిల్లలు డప్పు కాచుకోవడానికి తరగతి పక్కనే మంటకు చోటు చూపించాలని.

ఆ వేసవిలో మూడు కేంద్రాల పరీక్షా నియమాల్లో ఒక వాక్యం చేర్పించాను. అభ్యర్థి తన వాద్యాన్ని సిద్ధం చేసుకోవడానికి పట్టే సమయం, ఏ వాద్యమైనా సరే, పరీక్ష సమయంలోకి రాదు. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన నేను ఆ ఒక్క వాక్యం రాయడానికి సారమ్మ జీవితంలో ఒక ఏడాది వృథా చేశాను.