మా నాయనమ్మ పేరుకు పలికిన మనిషి

నా చిన్నప్పుడు నేను బడి గుమ్మం తొక్కింది ఒక్కసారే, అది కూడా ఓట్ల రోజున. మా ఇంట్లో మగపిల్లలు బడికి వెళ్ళేవారు. నా చంకలో ఎప్పుడూ ఎవరో ఒక చంటిబిడ్డ ఉండేది. ఆ బిడ్డ నడక నేర్చేసరికి ఇంకో బిడ్డ వచ్చేది. ఆ పిల్లలందరినీ ఎత్తుకుని దించేసరికి నాకు పెళ్ళయింది. చదువుకోవద్దని నన్ను ఎవరూ అనలేదు. చదువుకొమ్మని కూడా అనలేదు. ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేస్తూ అరవై ఏళ్ళు దాటించాను.

మా ఆయన పోయాక మా అమ్మాయి నన్ను ఐర్లండు తీసుకొచ్చింది. డబ్లిన్ శివారులో క్లోనీ అనే ఊళ్ళో ఉంటాం. ఇక్కడ ఆదివారాలు చర్చి హాల్లో మన పిల్లలకు తెలుగు నేర్పుతారు. మనవరాలు చిన్నదిగా ఉన్నప్పుడు దాన్ని దిగబెట్టి తిరిగి వద్దామంటే వాన అడ్డమయ్యేది, అందుకని వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. నేర్పే అమ్మాయి వారమంతా సాఫ్ట్‌వేర్ పని చేసి, ఆదివారం ఈ పిల్లలతో అరిచేది. ఒకరోజు నా చేతిలో కూడా పెన్సిల్ పెట్టి, "ఊరికే కూర్చుంటే చలేస్తుంది ఆంటీ, మీరూ రాయండి," అంది. అలా ఏడేళ్ళ పిల్లల మధ్య కూర్చుని అక్షరాలు దిద్దాను. ఇప్పుడు ఇది రాస్తున్నాను. తప్పులుంటే మా అమ్మాయి సరిచేస్తుంది.

మా ఇంటి వెనక పొలాలు దాటితే కంప్యూటర్లు మాత్రమే కాపురముండే పెద్ద పెద్ద షెడ్లున్నాయి. మంచు పట్టిన రోజున అవి కనబడవు. సన్నటి మోత ఒకటి మాత్రం వినబడుతూ ఉంటుంది. అది మోటర్‌వే మోత అంటాడు మా అల్లుడు. ఆ షెడ్లలో ఏముంటాయని అడిగితే, మనుషుల పేర్లు, ఫోటోలు, వాళ్ళు మాట్లాడుకున్న మాటలు అన్నాడు. చనిపోయినవాళ్ళవి కూడానా అన్నాను.

"వాళ్ళవి కూడా అత్తయ్యగారూ. ఎవరొచ్చి తీసుకెళ్తారు?" అన్నాడు.

అలా మంచు పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం, పదహారేళ్ళ మా మనవరాలు వంటగది బల్ల మీద కాగితాలు పరిచింది. దాని బడిలో ఈ ఏడు అమెరికా చరిత్ర చెబుతున్నారు. అక్కడి నల్లవాళ్ళు ఓటు కోసం ఏమేం పడ్డారో రాసుకుని వెళ్ళాలట. చట్టంలో ఆ హక్కు వందేళ్ళ ముందే రాసి ఉన్నా, దక్షిణాది ఊళ్ళలో వాళ్ళ పేర్లు జాబితాలోకి ఎక్కనిచ్చేవారు కాదట. పేరు రాయించుకుందామని సర్కారు కచేరీకి వెళ్ళినవాళ్ళకు ఏదో ఒక పరీక్ష పెట్టేవారట. ఒక్కోచోట గాజు సీసా చూపించి అందులో ఎన్ని గింజలున్నాయో చెప్పమనేవారట.

"అమ్మమ్మా, యూ ట్రై," అని ఒక కాగితం నా ముందు పెట్టి, ఫోనులో పది నిమిషాలకు అలారం పెట్టింది. ఆ మాటలో ఫలానా అక్షరం కొట్టెయ్యి, ఈ గీత కింద దాన్ని తాకకుండా ఇంకో గీత గియ్యి, అన్నీ అలాంటివే. తనకొచ్చిన తెలుగులో చెబుతుంటే నేను పళ్ళ బిగువున గీతలు గీశాను. ఫోను మోగింది.

"ఫెయిల్, అమ్మమ్మా. సారీ."

"మీ అమ్మను కూర్చోబెట్టు. అది ఎంటెక్ చదివింది."

మా అమ్మాయి బీన్స్ తరగడం ఆపి, అన్నీ చకచకా రాసింది. మనవరాలు కాగితం వైపు చూడకుండానే, "ఫెయిల్," అంది.

"ఏంటే, చూడనైనా చూడవా?"

"దట్స్ ద పాయింట్, అమ్మా. పాస్ అవ్వకూడదు. క్లర్క్ ఇష్టం. వైట్ వాళ్ళకి చాలాసార్లు టెస్టే ఉండదు."

"అదేం దొంగ పరీక్షే!" అన్నాను.

"ఇట్స్ మెంటల్, ఐ నో," అంటూ ఒక ఫోటో నా వైపు జరిపింది.

నలుపు తెలుపు ఫోటో. కచేరీ మెట్ల దగ్గర నల్లవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ముందున్న ముసలామె టోపీ పెట్టుకుని, చేతిసంచిని పొట్టకు ఆనించి పట్టుకుంది. అందరూ ఫోటో తీసేవాడి వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే తలుపు వైపు చూస్తోంది. పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవి ఒగ్గిన ముఖం. ఆ ముఖాన్ని ఎక్కడో చూశాననిపించింది. ఈమె పేరేంటే అని అడిగాను. కింద పేరు లేదట. వరసలో ఒక స్త్రీ, అని మాత్రం ఉందట.

ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు వాళ్ళిద్దరికీ చెప్పాను.

నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట. అమెరికాలో ఆ ముసలామె మెట్ల దగ్గర నిలబడింది కూడా దాదాపు ఆ రోజుల్లోనేనట. మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరు. ఆ ముందటి వానాకాలంలో మా నాయనమ్మ పోయింది. ఆమె నన్ను పిచిక అని పిలిచేది. నలుగురిలో పిలిచేది కాదు. పక్కలో పడుకోబెట్టుకున్నప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి పిలిచేది. ఆమెకు ఒక చిలకాకుపచ్చ నేతచీర ఉండేది. పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడి కొంగుకు చిల్లు పడితే, పచ్చదారం దొరకక ఎర్రదారంతో కుట్టుకుంది. ఆమెకు చూపు ఆనదు కనక సూదిలో దారం నేనే ఎక్కించాను. దినాలు అయ్యాక, పోయినవాళ్ళ బట్టలు చాకలికి ఇవ్వాలి కనక, ఆ చీర కూడా మూటలో వెళ్ళిపోయింది.

ఓట్ల రోజున అమ్మ నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్ళింది. ఆడవాళ్ళ వరస వసారా దాటి ఎండలోకి ఉంది. అమ్మ చివర నిలబడి, నీడపట్టున ఉండమని నన్ను గది గుమ్మంలో కూర్చోబెట్టింది. బడంటే పిల్లల గోల అని వీధిలోంచి విని తెలుసు. ఆ రోజు పిల్లలెవరూ లేరు. ఉన్నవాళ్ళంతా చావింట్లో మాట్లాడినట్టు గుసగుసగా మాట్లాడుతున్నారు. గోడ నిండా నల్లరంగుతో అక్షరాలు రాసి ఉన్నాయి. అవేమిటో నాకు తెలియదు కాని, అవన్నీ నన్నే చూస్తున్నట్టుంది.

పట్నం నుంచి వచ్చిన ఉద్యోగి ఒక్కొక్కరి చీటీ తీసుకుని పేరు గట్టిగా చదివేవాడు. చెరోవైపు కూర్చున్న పార్టీల వాళ్ళు తమ కాగితాల్లో గీత కొట్టుకునేవారు. అలా చదువుతూ చదువుతూ మా నాయనమ్మ పేరు చదివాడు. మా తాతయ్య పేరుతో, ఇంటి నంబరుతో సహా.

"నేనేనయ్యా," అని ఎవరో పలికారు.

చిలకాకుపచ్చ చీర ముందుకు నడిచింది. తలమీదుగా కొంగు దించుకుని ఉంది, ముఖం కనబడదు. గడ్డం దగ్గర ఎర్రదారం కుట్టు కనబడింది. ఆ గదిలో మా ఊరి ఆడవాళ్ళు ఆరేడుగురున్నారు. అందరూ మా నాయనమ్మ పాడె వెళ్ళడం చూసినవాళ్ళే. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఒక పార్టీ మనిషి లేచాడు. "ఏందయ్యా ఇది? ఆ పెద్దామె పోయి ఏడాది కావస్తందిగా!"

"కూర్చోవోయ్. ఆమె పోతే మరి ఈమెవరు, దెయ్యమా?" అన్నాడు రెండో పార్టీ మనిషి. అతనే నన్ను చూపించి, "అదిగో, ఆ ఇంటి పిల్లే. అడగండి సారూ," అన్నాడు.

ఉద్యోగి నా వైపు తిరిగి, ఈమె ఎవరమ్మా అని అడిగాడు. ఆమె కూడా తిరిగింది. కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని, చివర పళ్ళతో బిగించి పట్టుకుంది. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. ఆ కళ్ళు నన్ను బతిమాలుతున్నాయో బెదిరిస్తున్నాయో నాకు తెలియలేదు. అప్పుడు నా చెవి పక్కనే వినబడింది.

"ఏమే పిచికా, పలకవేం?"

"మా నాయనమ్మ," అన్నాను. అబద్ధం చెబుతున్నానని నేను అనుకోలేదు.

ఆమె వేలికి సిరా పూసి, కాగితం చేతికిచ్చారు. మూలన కట్టిన గోనెపట్టా చాటుకు వెళ్ళింది. దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని విని ఉన్నాను కనక, నేను నేలమీదికి వంగి పట్టా కిందినుంచి చూశాను. పాదాలు తిన్నగానే ఉన్నాయి. రేవు నీళ్ళలో నాని నాని తెల్లబడి, వేళ్ళ సందులు ఒరిసిపోయి ఉన్నాయి. ఆ పాదాలు నాకు తెలుసు. వారానికి రెండుసార్లు మా పెరట్లో నిలబడే పాదాలు.

మా బట్టలుతికే ఆమె బయటికి వెళుతుంటే వెనకే వెళ్ళాను. బడి వెనక గోడకు ఆనుకుని, కొంగు తీసి ముఖం తుడుచుకుంటోంది.

"నువ్వు మా నాయనమ్మవి కాదు," అన్నాను.

"కాను తల్లీ."

"మరి పిచికా అని ఎందుకు పిలిచావు?"

ఆమె నన్ను తేరిపార చూసింది. "పిచికేంది? ఆయన నిన్నడిగినప్పుడు నేను నోరే తెరవలేదే. కొంగు పళ్ళకింద పెట్టుకునుంటిని గదా."

ఆమె మెల్లగా కూర్చుని, నన్నూ కూర్చోమంది. ఆ రోజు ఆమె చెప్పినవన్నీ నాకు అప్పుడు అర్థం కాలేదు కాని, ఒక్క మాట కూడా మరిచిపోలేదు. జాబితా రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు ఆమె రేవు దగ్గర ఉందట. మా ఆవిడ అని భర్త చెబితే, వాళ్ళు రాసుకోకుండా వెళ్ళిపోయారట. "పెళ్ళాలకి ఓటు లేదంట తల్లీ, పేరున్నోళ్ళకే ఉందంట. నా పేరే లేదంట," అంది నవ్వుతూ. ఆ పొద్దున మోతుబరి మనిషి ఒకడు పోయినవాళ్ళ చీటీలు పంచుతూ, ఆమె ఒంటిమీద చీర గుర్తుపట్టి, ఆ పెద్దామె ఓటు నువ్వే వేసెయ్యి అన్నాడట. ఏ గుర్తు మీద ముద్ర కొట్టాలో కూడా చెప్పి పంపాడట. కొట్టకపోతే ఉతకడానికి ఊళ్ళో బట్టలు పడవన్నాడట.

"మీ నాయనమ్మ ఎన్నిసార్లేసినా మీ తాత చెప్పిన గుర్తుకే ఏసింది. నేను లోపలికి పొయ్యాక ఆ గోనెపట్టా చాటున ఎవరూ లేరు. నా మనసులో ఉన్నదానికే గుద్దా. నువ్వు ఎవరికీ చెప్పబాక."

నల్లటి చుక్క ఉన్న వేలు చూపించింది. "ఈ సిరా ఆమెది. వేలు మాత్రం నాది." ఆ వేలితోనే నా గడ్డం పైకెత్తింది. "ఇవాళ నేను చేసింది దొంగపనే. నీచేత కూడా చేయించా. నిన్ను పిలిస్తే మాత్రం నువ్వే పలుకు తల్లీ. ఇంకోళ్ళని పలకనియ్యబాక."

అమ్మ ఓటు వేసి వచ్చింది. దారిలో నన్నేమీ అడగలేదు. ఇంటికి వెళ్ళాక దిష్టి తీసి, మా నాయనమ్మ పడుకునే మంచం చాలాసేపు చూస్తూ నిలబడింది. వసారాలోకి ఆ పేరు ఆమెకూ వినబడే ఉంటుంది.

చెప్పడం అయింది. మా అమ్మాయి చాకు పక్కన పెట్టేసింది. మా మనవరాలు ముక్కు ఎగబీల్చి, "వాట్ వాజ్ హర్ నేమ్, అమ్మమ్మా?" అని అడిగింది.

చాకలామె అనేవాళ్ళమని చెప్పాను.

"దట్స్ నాట్ ఎ నేమ్."

ఆమె చెప్పిన మాట నేను బతికినన్నాళ్ళూ పట్టుకునే ఉన్నాను. ఇక్కడ జీపీ డాక్టరు దగ్గర నన్ను పిలిచినప్పుడు, వాళ్ళ నోటికి నా పేరు ఎలా వంకరపోయినా, మా అమ్మాయి లేవకముందే నేను లేచి నిలబడతాను. కాని ఆ గోడ పక్కన కూర్చుని నా పేరే లేదంట అని ఒక మనిషి నాతో అంటే, మరి నీ పేరేంటి అని నేను అడగలేదు. పెళ్ళయి ఊరు వదిలేదాకా వారానికి రెండుసార్లు ఆమె చేతికి బట్టలు వేశాను. ఒక్కసారీ అడగలేదు. ఫోటో కింద ఆ అమెరికా ఆమె పేరు లేదని నొచ్చుకున్న దాన్ని నేనే.

మర్నాడు పొద్దున మనవరాలు బడికి వెళ్ళగానే ఊళ్ళో ఉన్న మా తమ్ముడికి ఫోను చేశాను.

"ఆమెకి పేరెక్కడిదే అక్కా! అన్నం ముందు కూర్చుంటే ఇదేం గోల నీది?" అన్నాడు. తిని వెళ్ళమన్నాను. ఆమె మనవడికి బస్టాండు దగ్గర ఇస్త్రీ కొట్టు ఉందట. గొణుక్కుంటూనే వెళ్ళి అతనికి ఫోను ఇచ్చాడు. అతను పాపం తడబడి, ఇంట్లో నాయనమ్మ అనే చెప్పుకునేవాళ్ళమండీ, నాకు ఊహ తెలిసేటప్పటికే పోయింది, అన్నాడు. వాళ్ళమ్మను పిలిచాడు. ఆమె నా ఈడుదే, గొంతు సన్నగా ఉంది. పేరు తెలుసంది. కాని చెప్పనంది.

"అత్త పేరు నోటితో అనకూడదమ్మా. ఎన్నడూ అన్లేదు. ఇప్పుడెట్టా అనేది?"

అయితే నేను ఒక్కొక్క పేరూ చెబుతాను, అది వచ్చినప్పుడు ఊఁ అను చాలు అన్నాను. సుబ్బమ్మా అన్నాను. చప్పుడు లేదు. కోటమ్మా అన్నాను. వెంకాయమ్మా, రత్తమ్మా, పున్నమ్మా అన్నాను. మా ఊళ్ళో నేనెరిగిన ఆడవాళ్ళందరినీ, పోయినవాళ్ళనే ఎక్కువగా, క్లోనీలో వంటగదిలో నిలబడి పిలుచుకుంటూ పోయాను. ఒక్కో పేరు తర్వాత అవతల ఊపిరి మాత్రం వినబడేది. ఇరవై దాటి ఉంటాయి.

"నాంచారమ్మా?" అన్నాను.

చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "ఊఁ."

ఆమె ముక్కు తుడుచుకుని, ఇంతకీ ఎందుకమ్మా ఇన్నాళ్ళకి అని అడిగింది. రాసుకోవడానికి అని చెప్పాను. ఫోను పెట్టేసి బల్ల దగ్గర కూర్చుని, తెల్లకాగితం మీద నాంచారమ్మ అని రాశాను. ముందు ఎవరి పేరూ రాయలేదు. వెనక ఫలానావాడి భార్య అని ఎవరి పేరూ రాయలేదు.