కుడిచెవిలో శనిగ్రహం

నా చెవి సంగతి ఈ ఆరోగ్య పత్రికకు ఇంతకుముందే రాసి పంపాను. వేయలేదు, జవాబూ లేదు. చక్కెర జబ్బుకూ మోకాళ్ల నొప్పికీ దొరికే చోటు నా చెవికి దొరకలేదు. మళ్లీ రాస్తున్నాను.

నగరిలో మాది మరమగ్గాల షెడ్డు. మగ్గాలు ఆడుతుంటే మాట వినపడదు. చేతులతో, పెదాలతోనే మాట్లాడుకుంటాం. అందుకే నా కుడిచెవి పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు, నాకు కూడా. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగాయి. నా కుడిచెవిలో ఈల మాత్రం ఆగలేదు.

"యాడో ఈల మోగతా ఉండాది," అన్నాను.

"పుత్తూరుకు పోన్నా, ఇరిగిన ఎముకలకే గాదు, చెవికి గూడా కట్టు కడతారేమో సూస్తాం!" అన్నాడు పక్క మగ్గం మునస్వామి. షెడ్డంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడే ఊళ్లో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. టార్చి వేసి చూసి, "గుబిలి, అంతే. డ్రాప్స్ వేసుకో," అన్నాడు.

"ఈ చెవి వినపడ్లేదు సార్."

"వయసప్పా," అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

వారాల తరబడి చుక్కలు వేసుకున్నాను. ఈల తగ్గలేదు, నిద్ర కరువైంది. సూళ్లూరుపేటలో ఉండే మా బామ్మర్దికి చెప్పుకుంటే, "అంతా నీ మనసులో ఉండాది బావా," అన్నాడు. ఆ పెద్దమనిషే ఫోన్ తీసి, "ఇది విను, శనిగ్రహం చప్పుడు! ఆడికి పంపిన నౌక పట్టిన తరంగాల్ని శబ్దంగా మార్చినారు," అని కళ్లు పెద్దవి చేశాడు. విన్నాను. సన్నటి కూత, ఎక్కుతూ దిగుతూ, ఎంతకీ ఆగదు.

"ఇదే రా నా చెవిలో ఉండేది!"

వాడు పగలబడి నవ్వాడు. అంత దూరపు గ్రహాన్ని నమ్మాడు, ఎదురుగా కూర్చున్న నన్ను నమ్మలేదు.

ఆ శబ్దాన్నే నా ఫోన్‌లోకి ఎక్కించుకుని తిరుపతి వెళ్లి, ఒక ఇ.ఎన్.టి. డాక్టరమ్మకు వినిపించాను. ఆమె నవ్వలేదు. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించింది. "సడన్ హియరింగ్ లాస్. ఆ ఈల టినిటస్. మొదట్లోనే స్టెరాయిడ్స్ మొదలుపెట్టి ఉంటే వినికిడి కొంత తిరిగొచ్చేదేమో," అంది.

"మొదట్లోనే పోయినానమ్మా డాక్టరు కాడికి."

ఆమె మాత్రలు రాసింది. చెవిలోకి ఇంజెక్షన్లు కూడా చేసి చూసింది. వినికిడి తిరిగి రాలేదు.

ఇప్పుడు చెవికి వినికిడి మిషన్ పెట్టుకుని షెడ్డుకు వెళుతున్నాను. ఆమె చెప్పినట్టే, పడుకునేటప్పుడు ఆ గ్రహం చప్పుడును చిన్నగా పెట్టుకుంటాను. నా ఈల అందులో కలిసిపోయి నిద్ర పడుతుంది.

షెడ్లలో పనిచేసేవాళ్లకు ఒక మాట. మగ్గాలు ఆగినప్పుడు ఒక్కో చెవి మూసుకుని మాట విని చూసుకోండి. ఒక చెవి ఉన్నట్టుండి మందగిస్తే, చుక్కలమందు చీటీ పట్టుకుని లేచి రాకండి. ఆ రోజే ఆడియోగ్రామ్ అడగండి.

మా ఊరి డాక్టరు హాల్లో బల్ల మీద ఈ పత్రికే ఉంటుంది. కాబట్టి ఆయనను ఇక్కడే అడుగుతున్నాను. వినపడడం లేదని చెప్పిన మనిషికి వినికిడి పరీక్ష ఎందుకు చేయించలేదు? నా ఎడమచెవి ఇంకా బాగానే ఉంది డాక్టరుగారూ. చెప్పండి, వింటాను.