సొంతింట్లో చుట్టం

"మైనస్ ముప్ఫై చలిలో నా పికప్ ట్రక్కు తాళం ఒక్కసారి తిప్పితే లేస్తుంది. రెండువేల డాలర్లు పోసి కొన్న ఈ టీవీ మాత్రం ఆవలించి, ఒళ్ళు విరుచుకుని, మూడు ప్రకటనలు చూపించిగానీ కళ్ళు తెరవదు. దీన్ని తెలివైన టీవీ అంటున్నారు! ఎవడి తెలివి? మనది మాత్రం కాదు."

నెలకో గురువారం సాయంత్రం ఊరి లైబ్రరీలో విన్స్ జుపాన్ ఇలాగే మొదలుపెడతాడు. ఏది కొనాలి, ఏది కొనకూడదు అన్నది పేరుకి విషయం. నిజానికి జనం వచ్చేది ఆయన తిట్లు వినడానికే. మాటలొచ్చే ఫ్రిజ్‌లనీ, వెనక స్పీకర్లతో గోడకేసి పాడే సన్నటి టీవీలనీ, సగం బొత్తాలు సినిమాలమ్ముకునేవాళ్ళకి అద్దెకిచ్చిన రిమోట్లనీ గంటసేపు ఏకిపారేస్తాడు. ఇంటికెళ్ళి మళ్ళీ కొత్తగా వచ్చిన డబ్బా విప్పుతూ కూర్చుంటాడు. తిట్టనూ తిట్టాలి, కొననూ కొనాలి. అదో జబ్బు.

మెసాబి రేంజ్ అనే ఈ గనుల సీమలో, ఇనుపగనిలో ముప్ఫై ఏళ్ళు కరెంటు పని చేసి రిటైరయ్యాడు. ఇంటి కింద బేస్‌మెంటులో ఏడు స్పీకర్లు, గోడంత తెర, తన చేత్తో అతికించి చేసుకున్న ఆంప్లిఫయరు. "ఈ ఇంట్లో రిమోట్లు తొమ్మిది, మనుషులం ఇద్దరం. నామీద పనిచేసే బొత్తాం ఒక్కటీ లేదు, అదే నీ బాధ" అంటుంది వాళ్ళావిడ డానా. ఆయనకి నవ్వొస్తుంది, కానీ చేతిలో స్క్రూడ్రైవర్ మాత్రం కింద పెట్టడు.

ఇంత పిచ్చికీ ఒక కారణముంది. మా రేంజ్‌లో అరవై దాటినవాళ్ళలో చెవులు సరిగా పనిచేసేవాళ్ళు తక్కువ. క్రషర్ షెడ్డులో, రాయి పిండయ్యే చోట ఇరవయ్యేళ్ళు నిలబడితే చెవి ఎలా మిగులుతుంది? చెవి మిషన్లు పెట్టుకుంటే మనిషి మాట కొంత అందుతుంది. టీవీ మాట మాత్రం అందదు. సౌండ్ పెంచితే రొద పెరుగుతుందే తప్ప మాట పెరగదు. విన్స్ ఎన్నో తెప్పించి చూసి, చివరికి టీవీ కింద పెట్టే ఒక పెట్టెని ఖాయం చేశాడు. అది టీవీలో మాటని రొదలోంచి ఏరి నేరుగా చెవి మిషన్లోకి పంపుతుంది. ఊళ్ళో పదకొండిళ్ళకి ఆయనే దగ్గరుండి కొనిపించాడు, ఆయనే బిగించాడు. తనతో గనిలో పనిచేసిన ఐలీ కొస్కెలా ఇంట్లో పెట్టిన రోజున ఆవిడ వాతావరణం వార్తలు విని, "ఈ మనిషి గొంతు ఇంత కీచుగా ఉంటుందా! పదేళ్ళుగా ఎంత గంభీరంగా ఊహించుకున్నానో" అని మొహం ముడుచుకుంది. ఆ సంగతి చెప్పి విన్స్ నెలరోజులు నవ్వాడు.

అయితే ఆ పెట్టె మొదలవ్వాలంటే ఒక ఈమెయిలు అడిగింది, మొబైల్ నంబరు అడిగింది. ఈ ముసలి గనివాళ్ళలో మొబైలున్నవాళ్ళే ముగ్గురు. ఒకరికి ఈమెయిలు పెట్టినా, పాస్‌వర్డు ఏ కాగితం మీద రాశారో వెతకడానికి మళ్ళీ ఈయనే పోవాలి. ఎందుకొచ్చిన గొడవ అనుకుని పదకొండు పెట్టెల్నీ తన ఒక్క పేరు మీదే ఎక్కించేశాడు. ఊళ్ళో అందరి వస్తువులూ బాగుచేసేవాడు ఎవడైనా చేసేది అదే. తన ఫోనులో చూస్తే పదకొండు పచ్చటి చుక్కలు కనబడేవి. గనిలో కంట్రోల్ రూములో కూర్చున్నట్టు, పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ చుక్కలు చూసుకుని మురిసిపోయేవాడు. షరతులన్నిటికీ "ఒప్పుకుంటున్నాను" అని పదకొండుసార్లు నొక్కినవాడూ ఆయనే. నలభై పేజీలట. ఒక్క వాక్యం చదవలేదు.

ఫిబ్రవరిలో ఆడపిల్లల హైస్కూల్ ఐస్ హాకీ ఫైనల్ ఆట శనివారం నాలుగింటికి, సెయింట్ పాల్‌లో. మా ఊరి జట్టు పద్దెనిమిదేళ్ళ తర్వాత ఫైనల్‌కి చేరింది. గోల్ కాసే గోలీ ఐలీ మనవరాలు ఇంకెరి. ఊరు సగం బస్సులెక్కి వెళ్ళిపోయింది. ఐలీకి జనవరిలో తుంటి ఆపరేషన్ అయింది, నాలుగు గంటలు కారులో కూర్చోలేదు. "నాకు బొమ్మ కనబడితే చాలదు విన్స్. ఆట చెప్పేవాడు మా పిల్ల పేరు చెప్తే అది నా చెవిన పడాలి" అంది. తెర కింద వచ్చే అక్షరాలు చదువుకోమంటే, "అవి గోల్ పడ్డాక రెండు నిమిషాలకి వస్తాయి. పేరు కూడా తప్పే రాస్తాయి" అని కొట్టిపారేసింది. విన్స్ గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాడు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి డోమ్ బెర్తూచి ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్ళు.

"ఏమయ్యా మేధావీ, నీ పెట్టె నన్ను ఎవరు నువ్వు అని అడుగుతోంది. నీ మొగుణ్ణి అని చెప్పనా?"

విన్స్ తన ఫోను చూసుకున్నాడు. పదకొండు చుక్కలూ బూడిదరంగులో ఉన్నాయి. కింద ఒక ఉత్తరం. ఒక కుటుంబం వాడుకోవలసిన ఖాతాని అనేక ఇళ్ళకి వాడుతున్నట్టు గమనించామనీ, ఇది వ్యాపారంగా కనబడుతోందనీ, అందువల్ల ఖాతా మూసేశామనీ, అసౌకర్యానికి చింతిస్తున్నామనీ. వ్యాపారం! ఎవరింట్లోనూ కప్పు కాఫీ తప్ప పుచ్చుకోలేదు.

కంపెనీకి ఫోన్ చేశాడు. యంత్రం మాట్లాడింది. రెండు నొక్కమంది, నొక్కాడు. సంగతి క్లుప్తంగా చెప్పమంది, చెప్పాడు. "మీకు కొత్త పెట్టె కొనాలని ఉంది, అంతేనా?" అంది. తర్వాత పాట పెట్టింది. మధ్యాహ్నం దాటినా అదే పాట. ఈలోగా తక్కిన ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే డానాకి ఫోన్ చేశారు. తిట్టినవాళ్ళు నలుగురు. ఏమీ అనకుండా "సరేలే" అన్నవాళ్ళ మాటే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

పాట వినిపిస్తున్న ఫోన్‌ని అలాగే పట్టుకుని, మూడింటికి మంచులో నడిచి ఐలీ ఇంటికెళ్ళాడు. ఆవిడ ఊరి జట్టు చొక్కా స్వెటర్ మీద తొడుక్కుని, కాఫీ పెట్టి, యాలకుల రొట్టె కోసి సిద్ధంగా ఉంది. ఆ ముస్తాబు చూసి విన్స్ కోటైనా విప్పకుండా టీవీ దగ్గరికి పోయాడు. పెట్టె వెనక వైర్లు పీకి పెట్టాడు. ఏమీ కాలేదు. వైరు ఆయనది, మేకు ఆయన కొట్టింది, డబ్బు ఐలీది. అయినా ఎక్కడో కూర్చున్న ఎవడో ఆపేస్తే ఆగిపోయింది.

మూడూ ఇరవైకి పాట ఆగింది. టెరీసా అనే అమ్మాయి పలికింది.

"మీ బాధ అర్థమైంది సర్. ఖాతా విషయం సోమవారం పైవాళ్ళు చూస్తారు. ఒక్క ఇంటికి మాత్రం నేనిప్పుడే తెరిచివ్వగలను. మీరుండే ఇల్లేదో చెప్పండి."

విన్స్ ఐలీ చిరునామా చెప్పాడు.

"ఆ ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఐలీ కొస్కెలా."

"మీకేమవుతారు?"

"మా అమ్మ" అన్నాడు. ఆవిడ ఈయనకంటే పదిహేడేళ్ళు పెద్ద.

"సరే సర్. యజమానిగా మిమ్మల్ని ఉంచి, ఆవిడని అతిథిగా చేర్చాను. నెలకోసారి మీరు అనుమతిస్తే చాలు. ఖాయం చెయ్యమంటారా?"

ఐలీ ఆయన మొహంలోకే చూస్తోంది. "ఏమంటోంది?"

"అయిపోయింది ఐలీ, వచ్చేస్తుంది!" ఆవిడ చెవి దగ్గర గట్టిగా అన్నాడు విన్స్. "కాకపోతే వాళ్ళ కాగితాల్లో నేను నీ కొడుకుని. ఇల్లు నాది, నువ్వు చుట్టానివి."

"ఎవరింట్లో?"

"ఇక్కడే."

ఐలీ కాఫీ కప్పు చప్పుడయ్యేలా కింద పెట్టింది. "నా ఇంట్లో నేను చుట్టాన్నా? ఆ ఫోనిలా ఇవ్వు." లాక్కుంది. "ఇదిగో అమ్మాయ్, ఈ ఇల్లు నాది. ఈ పెట్టె నా డబ్బు. నా పేరు రాసుకో."

టెరీసా ఏదో అంది. విన్స్ ఫోన్ వైపు వంగి విని ఐలీకి చెప్పాడు. "నీ మొబైల్‌కి ఒక అంకె పంపిస్తారట, అది చెప్పాలట."

"వంటింటి గోడకి ఫోనుంది."

"అది పనికిరాదంటోంది."

"యాభయ్యేళ్ళ నుంచీ పనికొస్తోంది!" ఐలీ ఫోన్ తిరిగిచ్చేసింది. "వద్దని చెప్పు. పెట్టె ఊడబీకు."

"ఐలీ, ఆటకి ఇంకా అరగంటే ఉంది. ఈ ఒక్క పూటకి చుట్టంలా ఉండు. సాయంత్రం నేనే పీకేస్తా, ఒట్టు."

"డెబ్బయ్యారులో నేను గనిలో చేరితే మొదటి చెక్కు మీద ఏం రాశారో తెలుసా? మిసెస్ టోయివో కొస్కెలా, మా ఆయన పేరు. క్రషర్ దుమ్ములో నిలబడింది టోయివోనా? వెనక్కిచ్చేశాను. మళ్ళీ అలాగే రాసిచ్చారు, మళ్ళీ ఇచ్చేశాను. మూడో వారానికి ఇంట్లో పిండి లేదు, అయినా ఇచ్చేశాను. నాలుగోసారి నా పేరు రాశారు." ఆవిడ కప్పు పక్కకి నెట్టింది. "మా పిల్ల పేరు వినాలని నాకు లేదనుకుంటున్నావా? రాత్రంతా దానికోసమే కాచుకున్నాను. కానీ నీ అనుమతితో వినను. అసలు నా పేరు లేకుండా ఎందుకు పెట్టావురా?"

పొద్దుటినుంచీ విన్స్ కంపెనీని తిడుతూనే ఉన్నాడు. తిట్టవలసిందే, దొంగలు. కానీ వాళ్ళకా తాళం అందించిందెవరు? అడక్కుండా పదకొండుమంది ఇళ్ళు తన పేరు మీద రాసేసుకుని, చుక్కలు చూసి మురిసిపోయిందెవరు? "వద్దమ్మా, చెయ్యకు" అని టెరీసాకి చెప్పి ఫోన్ పెట్టేశాడు. పెట్టె ఊడదీసి వరండాలో మంచులో పెట్టొచ్చాడు.

"తప్పు నాదే ఐలీ" అన్నాడు.

"తెలుసు. కుర్చీ లాక్కో. ఇటు, నాకెదురుగా. క్రషర్ మాట మర్చిపోయావా?"

క్రషర్ రొదలో షిఫ్టువాళ్ళందరూ అలాగే మాట్లాడుకునేవాళ్ళు. మొహానికి మొహం పెట్టి, ఒక్కో మాటా పెదాలతో పెద్దగా చెక్కినట్టు చెబుతూ, చేత్తో సైగ చేస్తూ, అవతలివాళ్ళ చెవిలో అరుస్తూ. కొత్తగా చేరిన విన్స్‌కి దాన్ని నేర్పింది ఐలీయే. అలా చెప్పాలంటే ఆయన టీవీకి వీపు పెట్టాలి. ఏడు స్పీకర్ల మనిషి, పద్దెనిమిదేళ్ళకి వచ్చిన ఫైనల్ ఆటని మెడ తిప్పి ఓ ముక్క చూడడం, ఇటు తిరిగి ఐలీకి అరిచి చెప్పడం, మళ్ళీ మెడ తిప్పడం. మొదటి గోల్ మనది, చెప్పాడు. రెండోది వాళ్ళది. అదీ చెప్పాడు.

"నువ్వు మధ్యలో మింగేస్తున్నావు. వాడు అన్నదంతా చెప్పు" అంది ఐలీ.

"వాడు అక్కర్లేనివి కూడా వాగుతున్నాడు!"

"అవి కూడా చెప్పు."

మూడో భాగానికి గొంతు బొంగురుపోయింది. కంపెనీవాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది. ఇవాళ్టి సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారని యంత్రం అడుగుతోంది. "నీ నక్షత్రాలు తగలెయ్యా" అని ఫోన్‌ని సోఫా దిండు కింద కుక్కేశాడు.

ఆఖరి మూడు నిమిషాలు. చెరో రెండు గోల్స్ మీద ఉన్నారు. అవతలి జట్టు పిల్ల ఒక్కతే తూటాలా దూసుకొచ్చి గోల్‌లోకి కొట్టింది. ఇంకెరి పక్కకి పడి, కాలు చాపి, ఎలా ఆపిందో ఆపేసింది. తెర మీద స్టేడియమంతా లేచి నిలబడింది. ఐలీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నాడు? ఏమన్నాడు వాడు?"

విన్స్ ఇటు తిరిగాడు. "ఇంకెరి కొస్కెలా" అన్నాడు. గొంతు పైకి రాలేదు.

"నువ్వంటున్నావా, వాడన్నాడా?"

"వాడే! వాడే అన్నాడు!"

"వాడు అలా మూలిగి ఉండడు. ఎలా అన్నాడో అలా చెప్పు."

విన్స్ లేచి నిలబడ్డాడు. వంగి ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, పొద్దుటినుంచి కడుపులో ఉన్న మంటంతా ఆ రెండు మాటల్లో పోసి, అద్దాలు అదిరేలా అరిచాడు. పేరు సగంలో గొంతు చిరిగిపోయింది. మిగతా సగం పెదాలతోనే చెప్పాడు. ఐలీ పెదాలు కూడా ఆయనతోపాటు కదిలాయి.

ఆవిడ చేత్తో మొహం తుడుచుకుంది. తర్వాత ఆయన గడ్డం పట్టుకుని టీవీ వైపు తిప్పింది.

"ఇంకా రెండు నిమిషాలుంది, అటు చూడు. చూసి చెప్పు."